వేట బోటుకు ఏఐఎస్ ట్రాన్స్‌పాండరు బిగించడం: యాంటెన్నా నుంచి కాగితాల దాకా

కాకినాడ యాంకరేజిలో లంగరెత్తిన ఓడ రాత్రిపూట 15 నాట్ల వేగం అందుకుందంటే నాలుగు నిమిషాలకో మైలు మింగేస్తుంది. చెక్క బోటూ ఫైబరు బోటూ దాని రాడారుకు సరిగా ఆనవు. కాస్త కెరటం లేచిందంటే తెర మీద అల ఏదో, బోటు ఏదో తేల్చుకోవడం కష్టం. ఏఐఎస్ (ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టం) ట్రాన్స్‌పాండరు ఉన్న బోటు మాత్రం తన పేరు, ఉన్న చోటు, వేగం, వెళ్తున్న దిక్కు తనే చెప్పుకుంటూ పోతుంది. మాట వీహెచ్ఎఫ్ రేడియో మీద వెళ్తుంది కనుక ఫోను సిగ్నలుతోనూ టవరుతోనూ పని లేదు.

ఈ పనిలో ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. పెట్టె పాడవడం అరుదు. "సెట్టు పనిచెయ్యట్లేదు" అని తెచ్చినవాటిలో ఎక్కువ శాతం తప్పు యాంటెన్నా అతుకులోనో, కరెంటు తీగలోనో, లోపల ఎక్కించిన నంబరులోనో ఉంటుంది. అందుకే కింద పెట్టె గురించి తక్కువ, తీగల గురించి ఎక్కువ రాశాం.

ముందు ఏ ట్రాన్స్‌పాండరో తేల్చుకోండి

జెట్టీ మీద "ట్రాన్స్‌పాండరు" అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు వస్తువుల్ని పిలుస్తున్నారు. ఒకటి, ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద 364 కోట్ల రూపాయల పథకంలో లక్ష బోట్లకు ఉచితంగా ఇస్తున్న ఇస్రో పెట్టె. అది ఉపగ్రహం ద్వారా ఒడ్డుతో మాట్లాడుతుంది. ఫోనులో నభ్‌మిత్ర యాప్ పెట్టుకుని బ్లూటూత్‌తో కలిపితే సందేశాలు అటూ ఇటూ నడుస్తాయి, ఆపదలో ఒడ్డుకు కబురు వెళ్తుంది. రెండోది ఏఐఎస్. అది చుట్టుపక్కల ఉన్న ఓడలతో, బోట్లతో నేరుగా మాట్లాడుతుంది.

ఇస్రో పెట్టె ఉంది కదా, ఏఐఎస్ ఎందుకు అంటారు. ఆ పెట్టె మాట మీ మీదికొస్తున్న ఓడకు వినపడదు. ఏఐఎస్ ఉంది కదా, ఇస్రో పెట్టె ఎందుకంటే, ఒడ్డుకు యాభై మైళ్ల అవతల ఇంజను ఆగిపోతే ఏఐఎస్ మాట ఒడ్డుకు చేరదు. ఒకటి ఉందని రెండోదాన్ని పక్కన పెట్టేయకండి.

ఏఐఎస్‌లో క్లాస్-ఏ పెద్ద ఓడలది, 12.5 వాట్లు. మనకు కావలసింది క్లాస్-బీ. అందులోనూ రెండు రకాలు. 2 వాట్లది పాత పద్ధతి: ఖాళీ దొరికితేనే మాట్లాడుతుంది, రద్దీగా ఉంటే తన వంతు వదిలేసుకుంటుంది. 5 వాట్లది తన వంతు ముందే రిజర్వు చేసుకుంటుంది. ఓడలు కిక్కిరిసి ఉండే కాకినాడ ముందు, చమురు ప్లాట్‌ఫారాల దగ్గర తిరిగే బోటుకు డబ్బు కాస్త ఎక్కువైనా 5 వాట్లదే నయం. మామూలు వేట వేగంలో రెండూ 30 సెకన్లకోసారి చోటు చెబుతాయి. వేగం 2 నాట్లకు తగ్గితే మూడు నిమిషాలకోసారి. వల లాగుతూ నిలబడ్డ బోటు తెర మీద పాత చోటులోనే కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

20 మీటర్లు దాటిన బోట్లకు ఏఐఎస్ తప్పనిసరి. మన సోనా బోట్లు అంతకు లోపే. వాటికి చట్టం బలవంతం లేదు కానీ ఓడ మాత్రం కొలిచి చూసి గుద్దదు కదా.

వలలకు కట్టే "ఏఐఎస్ బోయ్" అని చవగ్గా అమ్మేవి కొనకండి. చాలామటుకు అవి ఓడలు మాట్లాడుకునే చానళ్ల మీదే, ఏదో దొంగ నంబరుతో కూస్తాయి. ఓడ తెర మీద ఒక్కో వల ఒక్కో ఓడలా కనిపిస్తుంది. ఆ గందరగోళంలో నిజం బోటు మరుగున పడిపోతుంది.

కాగితాలు బిగింపు కంటే ముందు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. బోటు ఒడ్డెక్కి ఉంటుంది కనుక బిగింపుకు అదే అదను. అయితే నంబరు చేతికి రాకుండా సెట్టు పనిచేయదు కాబట్టి దరఖాస్తు నిషేధానికి ముందే, మార్చిలోపే పెట్టుకోండి.

కావలసింది ఎంఎంఎస్ఐ, అంటే రేడియోలో బోటును గుర్తుపట్టే తొమ్మిది అంకెల నంబరు. మన దేశపు బోటుదైతే 419తో మొదలవుతుంది. మన దగ్గర దాన్ని ఇచ్చేది డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్. మత్స్యశాఖ ఇచ్చిన బోటు రిజిస్ట్రేషను, యజమాని గుర్తింపు పత్రం, సెట్టు మోడలు, సీరియల్ నంబరు సిద్ధం చేసుకోండి. రిజిస్ట్రేషనులో బోటు పేరు ఏ స్పెల్లింగుతో ఉందో దరఖాస్తులోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ఉండాలి. పేరులో ఒక "హెచ్" ఎక్కువైందని ఫైలు వెనక్కి వస్తుంది.

సెట్టు కొనేటప్పుడు అడగాల్సిన కాగితం ఇంకొకటి ఉంది. అది రేడియో పరికరం, అంటే వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం ఆమోదం ఉండాలి. బిల్లుతోపాటు ఆ ఆమోద పత్రం నకలు తీసుకోండి. విదేశీ వెబ్‌సైటులో సగం ధరకు దొరికిందని తెప్పించుకుంటే ఈ కాగితం దగ్గరే చిక్కు పడుతుంది. బోటులో రేడియో పరికరాలు ఉంచుకోవడానికి లైసెన్సు కూడా ఆ విభాగానిదే. వీహెచ్ఎఫ్ సెట్టుకు ఇదివరకే ఉంటే అందులో ఏఐఎస్ కూడా చేర్పించండి.

ఎంఎంఎస్ఐ బోటుది, సెట్టుది కాదు. సెట్టు తీసి తమ్ముడి బోటులో బిగిస్తే నంబరు దాంతో వెళ్లకూడదు.

ఏమేం కావాలి

పెట్టెలో వచ్చేవి: ట్రాన్స్‌పాండరు, జీపీఎస్ యాంటెన్నా, కరెంటు తీగ. మిగతావి బయట కొనాలి.

ఏఐఎస్‌కు ట్యూన్ చేసిన వీహెచ్ఎఫ్ యాంటెన్నా ఒకటి, సుమారు మీటరు పొడవుది. మామూలు మెరైన్ వీహెచ్ఎఫ్ యాంటెన్నా 156.8 మెగాహెర్ట్జ్ చుట్టూ ట్యూన్ అయి ఉంటుంది, ఏఐఎస్ 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. పని జరగదని కాదు, శక్తి కొంత వెనక్కి తన్నుతుంది. ఆర్‌జీ-213 కోయాక్స్ కేబులు, అంటే సెట్టు నుంచి యాంటెన్నాకు వెళ్లేది, 15 మీటర్లు. దాని చివరలకు పీఎల్-259 కనెక్టర్లు రెండు కావాలి, నాలుగు కొనండి, మొదటి రెండూ నేర్చుకోవడానికి పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల టిన్ పూత తీగ, ఎరుపు నలుపు, దూరాన్ని బట్టి. ఫ్యూజు హోల్డరు, సెట్టు పుస్తకంలో చెప్పిన ఆంపియర్ల ఫ్యూజులు అర డజను. తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు ఒక చుట్ట. ఎలుకల కోసం పీవీసీ గొట్టం. చేపల బోటులో ఎలుక లేకుండా ఉండదు, కోయాక్స్ తొక్క దానికి మహా ఇష్టం.

పనిముట్లు: 100 వాట్ల టంకం కడ్డీ, రోజిన్ ఉన్న 60-40 టంకం తీగ, మల్టీమీటరు, వీలైతే నానో వీఎన్ఏ అనే యాంటెన్నా పరీక్ష మీటరు. రేకుల పనివాళ్లు వాడే ఆమ్లం మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఉప్పుగాలికి తోడు ఆమ్లం కూడా ఉంటే అతుకు ఒక్క సీజను ఆగదు.

యాంటెన్నా ఎక్కడ

ఎంత ఎత్తుంటే అంత దూరం. రెండు యాంటెన్నాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, ఒక్కోదాని వర్గమూలం కనుక్కుని, రెండూ కలిపి 2.22తో గుణిస్తే నాటికల్ మైళ్లలో దూరం వస్తుంది. మీది నీటి మీంచి 6 మీటర్ల ఎత్తు, ఓడది 30 మీటర్లు అనుకుంటే 17 మైళ్ల పైచిలుకు. మీలాగే 6 మీటర్ల ఎత్తున్న ఇంకో బోటుతో అయితే 11 మైళ్లకు కాస్త లోపు. యాంటెన్నాను క్యాబిన్ పక్కన 3 మీటర్ల ఎత్తులో కట్టేస్తే బోటుకూ బోటుకూ మధ్య ఏడున్నర మైళ్లే మిగులుతుంది. ఇవి లెక్కల్లో వచ్చేవి. రెండు వాట్ల సెట్టుతో నీటి మీద ఇంకా తక్కువే వస్తుంది.

మాస్టు కొసన బిగించడం మంచిది. వీహెచ్ఎఫ్ రేడియో యాంటెన్నా అదే మాస్టు మీద ఉంటే రెండూ ఒకే నిలువు గీతలో, మధ్య కనీసం 2 మీటర్ల ఎడం ఉండాలి. పక్కపక్కన పెట్టాలంటే 10 మీటర్లు కావాలి, 14 మీటర్ల బోటులో అది కుదిరే పని కాదు. అందుకే ఒకటి పైన, ఒకటి కింద. ఇనప డెర్రిక్కులకు, వించి తాళ్లు లాగే స్తంభాలకు రెండు మీటర్ల దూరం. రాడారు ఉంటే దాని కిరణం తగిలే ఎత్తులో పెట్టకండి, మూడు మీటర్ల ఎడం ఉంచండి.

ఒకే యాంటెన్నాను రేడియోకీ ఏఐఎస్‌కీ పంచుకోవాలనుకుంటే దానికోసమే తయారైన ఏఐఎస్ స్ప్లిటరు కొనాలి. టీ ఆకారపు జాయింటు వేసి పంచకండి. రేడియోలో 25 వాట్లతో మాట్లాడగానే ఆ శక్తి ఏఐఎస్ రిసీవరులోకి నేరుగా వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. ఇది రిపేరు కాదు, కొత్త సెట్టే.

కేబులు, అతుకు

ఆర్‌జీ-58 సన్నగా, చవగ్గా, వంచడానికి వీలుగా ఉంటుంది. 15 మీటర్లు వేస్తే అందులో 3 డెసిబెల్స్ పోతాయి. అంటే సెట్టులోంచి 2 వాట్లు బయల్దేరితే యాంటెన్నాకు చేరేది ఒక వాటే. ఆర్‌జీ-213లో అదే దూరానికి పోయేది 1.3 డెసిబెల్స్ దాకా, వాటున్నర చేరుతుంది. 5 వాట్ల సెట్టు కొని ఆర్‌జీ-58 వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పెట్టిన డబ్బులో సగం కేబులే తాగేస్తుంది.

పీఎల్-259 వేసే వరస ఇది. ముందు కనెక్టరు బయటి తిరుగుడు రింగును కేబులులోకి తొడగండి. ఇది మరిచిపోయి టంకం అంతా అయ్యాక తల పట్టుకోని ఎలక్ట్రీషియన్ ఉండడు. నల్ల తొక్కను చివర నుంచి 28 మిల్లీమీటర్లు తీసేయండి. బయటపడ్డ రాగి అల్లికకు పలచగా టంకం పట్టించండి, చల్లారనివ్వండి. ఇప్పుడు చివర నుంచి 16 మిల్లీమీటర్ల మేర అల్లికనూ లోపలి తెల్ల ప్లాస్టిక్‌నూ కోసి నడిమి తీగ బయటపెట్టండి. కత్తి గాటు తీగకు పడకూడదు, గాటు పడ్డ తీగ అలల అదురుకు అక్కడే తెగుతుంది. మిగిలిన అల్లికను అంచు నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి కత్తిరించండి. ఒక్క రాగి వెంట్రుక నడిమి తీగకు తగిలినా షార్టే. కనెక్టరును తిప్పుతూ ఎక్కించి, పక్కనున్న చిన్న కన్నాల్లోంచి అల్లికకు టంకం పోయండి. కడ్డీ బలంగా లేకపోతే వేడి పట్టదు, టంకం ముత్యంలా పైపైన నిలుస్తుంది. అది అతుకు కాదు. ఎక్కువసేపు కాలిస్తే తెల్ల ప్లాస్టిక్ కరిగి నడిమి తీగ పక్కకు జరుగుతుంది. ఆఖరున నడిమి ములుకులో టంకం.

యాంటెన్నా తగిలించకుండా మల్టీమీటరుతో చూడండి. నడిమి తీగకూ బాడీకీ మధ్య ఏమీ పలకకూడదు, ఈ చివర ములుకు నుంచి ఆ చివర ములుకుకు పలకాలి. యాంటెన్నా తగిలించాక కొలిస్తే షార్టు చూపించవచ్చు. కొన్ని యాంటెన్నాలు లోపల అలాగే చుట్టి ఉంటాయి, అది లోపం కాదు.

నీళ్లు రాకుండా కట్టడమే గోదావరి మొగల్లో అసలు పరీక్ష. రబ్బరు టేపును సాగదీస్తూ, సగం మీద సగం పడేలా, కింది నుంచి పైకి చుట్టండి. తాటాకు కప్పులో పై ఆకు కింది ఆకు మీద పడ్డట్టు, పై చుట్టు కింది చుట్టును కప్పాలి. పైనుంచి కిందికి చుడితే ప్రతి అంచూ నీళ్లు పట్టే దోసిలే. దాని మీద ఎండ తగలకుండా మామూలు నల్ల టేపు ఒక వరస. వెనిగరు వాసన వచ్చే సిలికాన్ పూయకండి, అందులోని ఆమ్లం రాగిని తినేస్తుంది. కేబులు క్యాబిన్‌లోకి దూరే ముందు కిందికి ఒక వంపు వేలాడనిచ్చి అప్పుడు పైకి తిప్పి లోపలికి తీసుకోండి. జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి.

జీపీఎస్ యాంటెన్నాకు ఆకాశం అన్ని వైపులా కనిపించాలి. ఫైబరు కప్పు కింద పెట్టినా పనిచేస్తుంది, రేకు కప్పు కింద పనిచేయదు. వలలు ఎండేసే చోట, దాని మీద తడి వల పడే చోట పెట్టకండి.

కరెంటు

క్లాస్-బీ సెట్లు చాలావరకు 12, 24 వోల్టులు రెంటికీ సరిపోతాయి. అయినా సెట్టు అడుగున చీటీ చూడకుండా తగిలించకండి. సగటున తాగేది కొద్దిగానే, మాట్లాడే ఆ క్షణంలో మాత్రం సుమారు 2 ఆంపియర్లు ఒక్కసారిగా లాగుతుంది. బ్యాటరీ నుంచి క్యాబిన్‌కు 10 మీటర్లుంటే పోనూ రానూ 20 మీటర్ల తీగ. 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఆ క్షణంలో దాదాపు 0.9 వోల్టు తీగలోనే పోతుంది. 2.5 వేస్తే 0.3కు లోపే. బ్యాటరీ కాస్త దిగినప్పుడు ఈ తేడాయే సెట్టు ఆగడానికీ ఆగకపోవడానికీ మధ్య ఉంటుంది. మల్టీమీటరులో 12.4 చూపిస్తోంది, సెట్టు మాత్రం మాటిమాటికీ రీస్టార్టు అవుతోంది అంటే చూడాల్సింది తీగ మందం, తుప్పుపట్టిన బిగింపులు.

ఫ్యూజును ఎర్ర తీగలో, బ్యాటరీకి దగ్గరగా పెట్టండి. సెట్టు దగ్గర పెడితే మధ్యలో తీగ రాపిడికి షార్టయినప్పుడు కాపాడేది ఉండదు. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీ కాకుండా వేరే బ్యాటరీ నుంచి తీసుకోవడం మేలు. స్టార్టరు తిరిగేటప్పుడు వోల్టేజి ఎనిమిది తొమ్మిదికి దిగి సెట్టు ఆగి మళ్లీ లేస్తుంది.

నిషేధం రోజుల్లో బోటు మీద వెల్డింగు జరుగుతుంది. వెల్డింగు మిషను చప్పుడు మొదలయ్యేలోపు సెట్టు కరెంటు ప్లగ్గు, యాంటెన్నా ప్లగ్గు రెండూ ఊడదీసి పక్కన పెట్టండి. స్విచ్చి ఆపితే చాలదు.

ఎల్ఈడీ దీపాల చిక్కు

కొత్తగా వచ్చిన చవక ఎల్ఈడీ దీపాలు వీహెచ్ఎఫ్ మీద రొద పుట్టిస్తాయి. ఏఐఎస్ సెట్టు బాగానే ఉంటుంది, చీకటి పడి దీపాలు వేశాక మాత్రం చెవిటిదైపోతుంది. 2018లో అమెరికా కోస్ట్ గార్డు ఇదే విషయం మీద హెచ్చరిక జారీ చేసింది. కనిపెట్టడం సులువు. దీపాలన్నీ ఆర్పి, వీహెచ్ఎఫ్ రేడియోను ఎవరూ మాట్లాడని చానలుకు తిప్పి, స్క్వెల్చి గుండీని హోరు ఆగే చోటికి సరిగ్గా తెచ్చి వదలండి. ఇప్పుడు దీపాలు ఒక్కొక్కటే వేయండి. ఏ దీపం వేయగానే హోరు మళ్లీ మొదలైందో దోషి అదే. మాస్టు కొసన, యాంటెన్నా పక్కనున్న దీపమే ఎక్కువసార్లు దొరుకుతుంది. దాన్ని మార్చండి. ఫెర్రైటు పూసలు తొడిగితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

నంబరు ఎక్కించడం

ల్యాప్‌టాపులోనో ఫోనులోనో కంపెనీ సాఫ్ట్‌వేరు పెట్టి వివరాలు నింపాలి. ఎంఎంఎస్ఐని చాలా సెట్లు ఒక్కసారే ఎక్కించనిస్తాయి. తప్పు కొడితే సెట్టు డీలరుకు వెళ్లాల్సిందే. కాబట్టి ఒకరు కాగితం చూసి అంకె అంకె చదవాలి, ఇంకొకరు కొట్టాలి, తరవాత కొట్టినవాళ్లు తెర చూసి చదవాలి, మొదటివాళ్లు కాగితంతో సరిచూడాలి. నంబరు ఇంకా రాలేదని "123456789" కొట్టి సముద్రంలోకి పంపించేయడం ఉంది. అదే నంబరుతో ఇంకో బోటు కూడా తిరుగుతుంటే ఓడ తెర మీద రెండూ ఒకే బోటై, ఉప్పాడ నుంచి అంతర్వేదికి ఒక్క గంతులో దూకుతూ కనిపిస్తాయి. అలాంటి గుర్తును ఏ కెప్టెనూ నమ్మడు.

పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, ఇరవై లోపు. తెలుగు అక్షరాలు ఏఐఎస్‌కు తెలియవు. గంగమ్మ తల్లి పేరుతో జెట్టీలో ఒకటికి పది బోట్లు ఉంటాయి కనుక, పేరు వెనక రిజిస్ట్రేషను చివరి అంకెలు పట్టేలా దరఖాస్తులోనే ఆలోచించుకోండి. బోటు రకం కోడు 30, అంటే చేపల వేట.

తరవాత కొలతలు. జీపీఎస్ యాంటెన్నా నుంచి ముక్కుకు, వెనక చివరకు, ఎడమకు, కుడికి ఎన్ని మీటర్లో నాలుగు అంకెలు. 14 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు బోటుకు జీపీఎస్ క్యాబిన్ కప్పు మీద, ముక్కు నుంచి 10 మీటర్ల దూరంలో, మధ్య గీత మీద ఉంటే 10, 4, 2, 2. మొదటి రెండూ కలిపితే పొడవు, తరవాతి రెండూ కలిపితే వెడల్పు రావాలి. అన్నీ సున్నాలు వదిలేసిన సెట్లే ఎక్కువ కనిపిస్తాయి.

పరీక్ష

మీ సెట్టు తెర మీద మీ బోటు కనిపించడం రుజువు కాదు. అది జీపీఎస్ పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది. వేరేవాళ్లకు కనిపిస్తోందా అన్నది చూడాలి.

ముందు యాంటెన్నా. యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి తన్నుతోందో చెప్పే అంకెను ఎస్‌డబ్ల్యూఆర్ అంటారు. దాన్ని కొలిచే మామూలు మీటరు ఇక్కడ పనికిరాదు. ఏఐఎస్ మాట 26.67 మిల్లీసెకన్లలో అయిపోతుంది, ముల్లు కదిలేలోపే ఆగిపోతుంది. నానో వీఎన్ఏని 155 నుంచి 168 మెగాహెర్ట్జ్ దాకా కాలిబ్రేట్ చేసి 162 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ చూడండి. 1.5 లోపుంటే బాగుంది, 2 దాకా నడుస్తుంది, 3 దాటితే సెట్టు తనంతట తనే ఎర్రదీపం వెలిగించవచ్చు.

ఇక్కడొక మోసం ఉంది. కేబులులోకి నీళ్లు దిగి పాడైతే ఎస్‌డబ్ల్యూఆర్ చెడిపోదు, ఇంకా బాగా కనిపిస్తుంది. వెళ్లిన శక్తినీ తిరిగొచ్చే శక్తినీ కేబులే మింగేస్తే మీటరుకు వెనక్కి వచ్చేది ఏముంటుంది? అందుకే యాంటెన్నా ఊడదీసి, కేబులు అవతలి చివర ఖాళీగా వదిలి, రిటర్న్ లాస్, అంటే వెళ్లి తిరిగొచ్చేసరికి తగ్గిన శక్తి, కొలవండి. వచ్చిన అంకెలో సగం కేబులు నష్టం. 15 మీటర్ల ఆర్‌జీ-213కు 2.6 డెసిబెల్స్ దగ్గర రావాలి. ఏడెనిమిది వస్తే కేబులు పోయింది, మార్చేయండి. కొత్త కేబులు వేసిన రోజునే ఈ అంకెను రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాది పోల్చుకోవచ్చు.

తరవాత నీటి మీద. బోటును కాకినాడ జెట్టీ కాలువలోంచి హోప్ ఐలాండు దాటించి బయటికి తీసుకెళ్లండి. మడ అడవుల చాటున, జెట్టీ షెడ్ల మధ్య చేసిన పరీక్షకు విలువ లేదు. ఏఐఎస్ ఉన్న ఇంకో బోటును రెండు మైళ్ల దూరంలో నిలిపి వాళ్ల తెర మీద మీ పేరు, నంబరు, వేగం చదివించుకోండి. మీ వేగం 2 నాట్లు దాటాలి, లేకపోతే మూడేసి నిమిషాలు ఎదురు చూడాలి. చోటు ముందు వస్తుంది, పేరు ఆరు నిమిషాలకోసారి వెళ్తుంది కనుక మొదట్లో నంబరొక్కటే కనిపిస్తే అది సహజం. రెండు మైళ్ల దగ్గర కుదిరాక ఐదుకు జరగండి. చుట్టూ నాలుగు దిక్కులకూ తిరిగి చూడండి. ఒక్క దిక్కున మాత్రం కనిపించకుండా పోతుంటే డెర్రిక్కో మాస్టో అడ్డొస్తోంది.

ఒడ్డునున్నవాళ్ల సంగతి వేరు. లైట్‌హౌసుల శాఖ దేశమంతా 74 దీపస్తంభాల మీద ఏఐఎస్ రిసీవర్లు పెట్టింది. ఫోనులో ఓడల్ని చూపించే వెబ్‌సైట్లు ఎక్కడెక్కడో ఉన్న వేరే రిసీవర్ల మీద నడుస్తాయి. వాటిలో మీ బోటు కనిపించకపోతే సెట్టు చెడిందని కాదు, దగ్గర్లో వినేవాళ్లు లేరంతే.

చివరగా ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో, రిజిస్ట్రేషనుతో కలిపి పెట్టండి: సెట్టు మోడలు, సీరియల్, ఎంఎంఎస్ఐ, ఎక్కించిన కొలతలు, మాట్లాడే క్షణంలో సెట్టు దగ్గర వోల్టేజి, ఎస్‌డబ్ల్యూఆర్, కేబులు నష్టం, ఎంత దూరంలో ఏ బోటు చూసింది, తేదీ, బిగించినవాళ్ల సంతకం. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగినా, వారంటీకి డీలరు అడిగినా ఇదే మాట్లాడుతుంది.

వేటకెళ్లాక

చాలా సెట్లకు సైలెంట్ మోడ్ గుండీ ఉంటుంది. నొక్కితే మిగతావాళ్లను వింటూ తను నోరు మూసుకుంటుంది. మంచి చేపల చోటు పక్క బోటుకు తెలియకూడదని సరంగు నొక్కుతాడు, తెల్లారి మరిచిపోతాడు. "మా సెట్టు ఎవరికీ కనిపించట్లేదు" అన్న ఫిర్యాదు వస్తే పైకెక్కి యాంటెన్నా విప్పే ముందు ఆ గుండీ చూడండి.

ఓడ తెర మీద మీరు కనిపిస్తున్నారని ధీమాగా పడుకోకండి. తెర నిండిపోతోందని క్లాస్-బీ గుర్తుల్ని దాచేసే ఓడలు ఉన్నాయి. ట్రాలు లాగుతుంటే ఆకుపచ్చ కింద తెలుపు, మిగతా వేటకైతే ఎరుపు కింద తెలుపు దీపాలు వెలగాల్సిందే, ఒక మనిషి మెలకువగా ఉండాల్సిందే. క్లాస్-బీలో చాలావాటికి ఆపద గుండీ కూడా ఉండదు. ఆపదకు వీహెచ్ఎఫ్ చానల్ 16, ఇస్రో పెట్టె, ఫోను పలికే దూరంలో ఉంటే కోస్ట్ గార్డు 1554.

అక్టోబరులో, తుపానులు మొదలయ్యేలోపు ఒకసారి మాస్టు ఎక్కి టేపు చూడండి. ఎండకు బీటలిస్తే విప్పేసి కొత్తది చుట్టండి. కనెక్టరు విప్పినప్పుడు లోపల పచ్చగా చిలుము కనిపిస్తే తుడిచి మళ్లీ పెట్టకండి. కేబులును వెనక్కి ఒక జానెడు కోసి చూడండి. అల్లిక నల్లబడి ఉంటే ఇంకో జానెడు, మెరిసే రాగి తగిలే దాకా. రెండు మూడు జానలు కోసినా రాగి మెరవకపోతే ఇంక కోయకండి, కొత్త కేబులు తెచ్చుకోండి.